కెనెల్ కాఫ్ టీకా: మీ కుక్కకు ఏది, ఎప్పుడు, ఎలా వేయించాలి

రాత్రి రెండింటికి మా కుక్క ఉన్నట్టుండి లేచి, మెడ ముందుకు చాచి, పెద్ద బాతు అరిచినట్టు దగ్గడం మొదలుపెట్టింది. నాలుగైదు దగ్గులయ్యాక డోకొచ్చినట్టు చేసి నేల మీద కాస్త తెల్లటి నురగ కక్కింది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని దవడలు విప్పి, ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను. ఏమీ లేదు. పది నిమిషాలకు మళ్లీ అదే వరస. పొద్దున డాక్టర్ దగ్గరకు తీసుకెళ్తే ఆయన దాని గొంతు కింద రెండు వేళ్లు పెట్టి శ్వాసనాళాన్ని మెల్లగా నొక్కారు. వెంటనే అదే దగ్గు. "ఈమధ్య ఎక్కడైనా వదిలి వెళ్లారా?" అన్నారు, ఇంకా కార్డు కూడా తెరవకుండానే.

వదిలాం. నాలుగు రోజుల క్రితమే బోర్డింగ్ నుంచి తెచ్చుకున్నాం. "కానీ టీకా వేయించాం కదా!" అన్నాను. ఆయన కార్డు తిప్పి తేదీ చూపించారు. ఊరెళ్లడానికి రెండు రోజుల ముందు వేయించిన ఇంజెక్షన్ అది. పైగా రెండు డోసుల టీకాలో మొదటి డోసు. టీకా వేయించిన మాట నిజమే, రక్షణ మాత్రం ఇంకా రాలేదు.

అప్పటినుంచి ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతున్నాను: ఈ టీకా విషయంలో వేయించామా లేదా అన్నదానికన్నా, ఏ రకం వేయించాం, ఏ రోజు వేయించాం అన్నదే అసలు సంగతి. కింద చెప్పేదంతా దాని గురించే.

ముందు, ఈ దగ్గు ఏమిటి

కెనెల్ కాఫ్ ఒకే క్రిమి తెచ్చే జబ్బు కాదు. కొన్ని వైరస్‌లు, కొన్ని బాక్టీరియాలు ఒక్కొక్కటిగానో జట్టుగానో కుక్క శ్వాసనాళం మీద పడితే వచ్చే దగ్గుకి పెట్టిన పేరు. ఆ జట్టులో ముఖ్యమైనది బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బాక్టీరియా. పిల్లలకు కోరింత దగ్గు తెచ్చే బాక్టీరియాకు ఇది దగ్గరి చుట్టం. 1906లో కోరింత దగ్గు క్రిమిని వేరుచేసిన బెల్జియం శాస్త్రవేత్త జూల్ బోర్డే పేరే ఈ రెండింటికీ ఇంటిపేరైంది. శ్వాసనాళం లోపలి గోడ మీద సన్నటి నూగు ఉంటుంది. దుమ్మునీ కఫాన్నీ ఎప్పటికప్పుడు పైకి నెట్టేది అదే. బోర్డెటెల్లా ఆ నూగుకే అతుక్కుని దాన్ని కదలకుండా చేస్తుంది. ఊడ్చేవాళ్లు లేని ఇల్లులా తయారవుతుంది లోపల. ఇక మిగతా క్రిములకు దారి తెరిచినట్టే.

దాంతో పాటు తరచుగా కనిపించేవి పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, రెండో రకం అడినోవైరస్. మైకోప్లాస్మా లాంటివీ ఉంటాయి, వాటికి టీకా లేదు. అందుకే ఈ టీకా వేసిన కుక్కకి దగ్గు అసలు రానే రాదని ఎవరైనా అంటే నమ్మకండి. వచ్చినా తేలిగ్గా వచ్చి పోతుంది, రాకుండా పోయే అవకాశం కూడా బాగానే ఉంటుంది. అంతవరకే దీని హామీ.

దగ్గుతుంపర్ల ద్వారా, ముక్కూ ముక్కూ ఆనించుకోవడం ద్వారా, నీళ్ల గిన్నెలూ బొమ్మలూ పంచుకోవడం ద్వారా ఇది అంటుకుంటుంది. అంటుకున్నాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా 2 నుంచి 14 రోజులు పడుతుంది. అందుకే చాలామందికి బోర్డింగ్ నుంచి తెచ్చుకునేటప్పుడు కుక్క భేషుగ్గా ఉంటుంది, ఇంటికొచ్చాకే కథ మొదలవుతుంది.

మీ కుక్కకు ఇది అవసరమా?

ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం, అంటే వసావా, కుక్కల టీకాలను రెండు రకాలుగా చూస్తుంది. డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ లాంటి వాటికి వేసేవి ప్రతి కుక్కకీ కావాల్సినవి. బోర్డెటెల్లా టీకా రెండో రకంలోకి వస్తుంది, అంటే కుక్క బతికే తీరుని బట్టి వేయించేది. కాబట్టి మీ కుక్క దినచర్య ఒకసారి మనసులో తిప్పి చూసుకోండి. బోర్డింగ్, డేకేర్, గ్రూమింగ్, ట్రైనింగ్ క్లాసు, డాగ్ షో, కుక్కలు గుమికూడే పార్కు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వేయించండి. షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క, కుక్కపిల్ల, ముసలి కుక్క, గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్న కుక్క అయితే డాక్టర్‌తో కాస్త వివరంగా మాట్లాడండి. వీటిలో మామూలు దగ్గు న్యుమోనియాగా ముదిరే ప్రమాదం ఎక్కువ.

"మాది ఇల్లు కదలదు" అనేవాళ్లకి ఒక్క ప్రశ్న. గేటు సందులోంచి వీధి కుక్కతో ముక్కు ఆనిస్తుందా? ఆనిస్తే అది అనుకున్నంత ఒంటరిది కాదు. అలాంటిదేమీ లేకుండా నిజంగానే నాలుగు గోడల మధ్య ఉండే కుక్కకయితే ఈ టీకా లేకపోయినా కొంప మునగదని నా అభిప్రాయం. అయితే అనుకోకుండా ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే ఎవరి దగ్గర వదులుతారో ముందే ఆలోచించుకోండి. ఈ టీకా గుర్తొచ్చేది ఎక్కువగా అలాంటి హడావుడిలోనే.

పాత కార్డు తీసి చదవండి

డాక్టర్‌కి ఫోన్ చేసే ముందు టీకాల కార్డు తీయండి. అందులో డీహెచ్‌పీపీఐ అనో, అలాంటి అక్షరాల వరసతోనో స్టిక్కర్లు ఉంటాయి. డి అంటే డిస్టెంపర్, హెచ్ అంటే హెపటైటిస్ (దీనికి వాడేది రెండో రకం అడినోవైరస్సే), పి అంటే పార్వో, చివరి పీఐ అంటే పారాఇన్‌ఫ్లుయెంజా. అంటే కెనెల్ కాఫ్ జట్టులోని రెండు వైరస్‌ల మీద మీ కుక్కకు ఇప్పటికే ఎంతో కొంత రక్షణ ఉండొచ్చు. బోర్డెటెల్లా మాత్రం ఈ వరసలో ఉండదు. దాని స్టిక్కర్ విడిగా ఉండాలి. కేసీ అనో, బీబీ అనో, బోర్డెటెల్లా అని పూర్తిగానో రాసి ఉంటుంది. అది లేకపోతే "అన్ని టీకాలూ అయ్యాయి" అన్నమాట ఈ దగ్గు విషయంలో చెల్లదు.

ఉంటే మూడు విషయాలు చూడండి: వేసిన తేదీ, అది ముక్కులో వేసినదా నోట్లో వేసినదా సూదితో ఇచ్చినదా, సూదిదైతే రెండో డోసు పడిందా. మా కార్డులో మూడోది ఖాళీగా ఉంది. నేనే చూసుకోలేదు.

ముక్కు, నోరు, సూది: ఏది ఎంచుకోవాలి

క్రిమి వచ్చేది ముక్కు దారిలో, దిగేది శ్వాసనాళంలో. కాబట్టి కాపలా కూడా ఆ గుమ్మంలోనే పెట్టాలన్నది ముక్కు టీకా వెనకున్న ఆలోచన. అందులో బలహీనపరిచిన సజీవ బోర్డెటెల్లా ఉంటుంది. చాలావాటిలో పారాఇన్‌ఫ్లుయెంజా కూడా కలిపి ఉంటుంది, కొన్నిటిలో అడినోవైరస్ కూడా. ఒక్క డోసు చాలు. ముక్కు లోపలి తడి పొరలో అక్కడికక్కడే యాంటీబాడీలు తయారవుతాయి. రక్షణ త్వరగా వస్తుంది. కొన్ని బ్రాండ్ల లేబుల్ మీద బోర్డెటెల్లాకి 72 గంటలు అని, అదే చుక్కలోని పారాఇన్‌ఫ్లుయెంజాకి మూడు వారాలు అని ఉంటుంది. తల్లిపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు కూడా దీన్ని సూది టీకాని అడ్డుకున్నట్టు అడ్డుకోవు. అందుకే కొన్నిటిని 3 వారాల పిల్లలకు కూడా వేస్తారు, మరికొన్నిటిని 8 వారాలు నిండాకే. ఏది ఎప్పుడన్నది లేబుల్ చెబుతుంది.

నోటి టీకా కూడా సజీవమైనదే. పెదవి పక్కకి లాగి చెంప సందులో పోస్తారు. ఎక్కువ వాటిలో బోర్డెటెల్లా ఒక్కటే ఉంటుంది. ముక్కు దగ్గర చెయ్యి పెడితే చాలు గోల చేసే కుక్కలకి ఇది వరం. మూతి చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్ లాంటి వాటికి కూడా ముక్కు టీకా కన్నా ఇదే సుఖం.

ఇక సూది టీకా. ఇందులో బతికున్న క్రిమి ఉండదు. చంపిన బాక్టీరియా గానీ, దాని ముక్కలు గానీ ఉంటాయి. మొదటిసారి వేయిస్తే రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 4 వారాల ఎడం కావాలి. రక్షణ వచ్చేది రెండో డోసు పడ్డ తరవాతే. ఆ తరవాత ఏడాదికొక బూస్టర్. ముక్కు, నోటి టీకాలంత వేగం దీనికి లేదు. వసావా మార్గదర్శకాలు కూడా వీలున్నచోట ముక్కు, నోటి టీకాలకే మొగ్గు చూపుతాయి.

మరి సూది ఎందుకు? మూతి ముట్టుకోనివ్వని కరిచే కుక్కకి అదే దిక్కు. ఇంకో ముఖ్యమైన కారణం మీ ఇంట్లో మనుషులకు సంబంధించినది. సజీవ టీకా వేసిన కుక్క ముక్కు నుంచి ఆ బలహీనపరిచిన బాక్టీరియా కొన్ని వారాలపాటు బయటకు వస్తూ ఉంటుంది. కొన్ని లేబుళ్లు ఆరు వారాల దాకా అంటాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి దీనివల్ల టెన్షన్ అక్కర్లేదు. కానీ ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి. అలాంటి ఇంట్లో సూది టీకాయే మేలు. పిల్లి ఉంటే కూడా ఒక మాట చెవిన వేయండి, దానికి కాస్త తుమ్ములు రావచ్చు.

క్యాలెండర్‌ని వెనక్కి చదవండి

చాలామంది ఇక్కడే పొరపడతారు. బోర్డింగ్‌వాళ్లు కార్డు అడుగుతారు కాబట్టి కార్డులో స్టిక్కర్ పడితే పని అయిపోయినట్టు అనుకుంటాం. స్టిక్కర్ పడటానికి ఒక్క నిమిషం చాలు. కుక్క ఒంట్లో రక్షణ పుట్టడానికి రోజులు కావాలి.

కుక్కను వదిలే తేదీ రాసుకుని వెనక్కి లెక్కపెట్టండి. ఉదాహరణకి మే 28న వదలాలి అనుకుందాం.

ముక్కు టీకా అయితే మే 7 నాటికి వేయించండి. మూడు వారాల ఎడం ఉంటుంది కాబట్టి అందులోని పారాఇన్‌ఫ్లుయెంజా భాగానికి కూడా సమయం దొరుకుతుంది. కుదరకపోతే మే 14. అదీ దాటిపోతే, ఆఖరి వారంలో కూడా ముక్కు టీకా పూర్తిగా వృథా కాదు, ఎందుకంటే బోర్డెటెల్లా భాగం త్వరగా పనిచేస్తుంది. నోటి టీకాకి కూడా మూడు వారాలు పెట్టుకుంటే నిశ్చింత.

సూది టీకా మొదటిసారి వేయిస్తుంటే రెండో డోసు మే 14 లోపు పడాలి. అంటే మొదటి డోసు ఏప్రిల్ 16, ఏప్రిల్ 30 మధ్యలో ఎప్పుడైనా. మరీ అంచు తేదీ పెట్టుకోకండి. ఆ రోజు క్లినిక్‌లో స్టాక్ ఉండకపోవచ్చు, కుక్కకి జ్వరం రావచ్చు, మీకే కుదరకపోవచ్చు. ఒక వారం చేతిలో ఉంచుకోండి.

ప్రయాణానికి ముందు రోజు వేయించడంలో ఇంకో తలనొప్పి ఉంది. సజీవ టీకా తరవాత కొన్ని కుక్కలు రెండు మూడు రోజులు తుమ్ముతాయి, ముక్కు కారుతుంది. తుమ్ముతూ వచ్చిన కుక్కని చూసి బోర్డింగ్‌వాళ్లు గేటు దగ్గరే వెనక్కి పంపారనుకోండి, వాళ్లని తప్పుపట్టలేం.

డాక్టర్‌కి ముందే చెప్పాల్సినవి

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "కెనెల్ కాఫ్ టీకా ఉందా, ఏ రకం ఉంది" అని అడగండి. అన్ని క్లినిక్‌లలో మూడు రకాలూ ఉండవు. ఉన్నదాన్ని బట్టే మీ లెక్క మారుతుంది.

తరవాత మందుల సంగతి. కుక్క ఇప్పుడు యాంటీబయాటిక్ వాడుతోందా? చర్మానికో చెవికో వాడుతున్నా సరే, నోటి ద్వారా గానీ సూది ద్వారా గానీ తీసుకుంటుంటే చెప్పండి. ముక్కు, నోటి టీకాల్లో ఉన్నది బతికున్న బాక్టీరియా. యాంటీబయాటిక్ పని బాక్టీరియాని చంపడం, అది మంచిదా చెడ్డదా అని చూడదు. ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో ఒలకబోసినట్టే. కోర్సు అయ్యేదాకా ఆగాలి. టీకా వేసిన వారం లోపు ఏదో కారణంగా యాంటీబయాటిక్ మొదలుపెట్టాల్సి వచ్చినా అంతే, కోర్సు ముగిశాక మళ్లీ వేయించాలి. పంటి ఆపరేషన్ లాంటివి ఏవైనా తలపెట్టి ఉంటే ఈ లెక్కలోకి తీసుకోండి.

స్టెరాయిడ్లు, కడుపుతో ఉండటం, ఇదివరకు ఏ టీకాకైనా ముఖం వాచిపోవడం, ప్రస్తుతం జ్వరం లేదా విరేచనాలు... ఇవి కూడా దాచకుండా చెప్పండి. ఇప్పటికే దగ్గుతున్న కుక్కకి ఈ టీకా మందులా పనిచేయదు. అది తగ్గాకే టీకా.

క్లినిక్‌లో ఆ అర నిమిషం

ముక్కు టీకా వేయడం చూడటానికి చిన్న పనే, కానీ కుక్క దృష్టిలో అది ఘోరమైన అవమానం. ముందు రోజుల్లో ఇంట్లోనే కొంచెం అలవాటు చేయండి. రోజుకి రెండుసార్లు గడ్డం కింద చెయ్యి పెట్టి మూతి కాస్త పైకెత్తి, రెండు సెకన్లు ఆగి, వదిలి, తాయిలం పెట్టండి. తరవాత రోజుల్లో వేలు ముక్కు పక్కన ఆనించండి. నాలుగైదు రోజులకి అది మూతి పైకెత్తగానే తాయిలం కోసం చూస్తుంది. అంతకు మించిన తయారీ అక్కర్లేదు.

క్లినిక్‌లో జరిగేది ఇది. ఫ్రిజ్‌లో ఉండే చిన్న సీసాలో అడుగున పొడి బిళ్లలా ఉంటుంది. దాంట్లోకి సిరంజితో ద్రవం ఎక్కించి, కలిపి, మళ్లీ సిరంజిలోకి లాగుతారు. ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సిన క్షణం: సిరంజికి ఉన్న సూది తీసేసి, దాని స్థానంలో మెత్తటి ప్లాస్టిక్ కొస బిగించాలి, లేదా సూది లేకుండా వట్టి సిరంజితోనే చుక్కలు వేయాలి. మీరు కుక్కని వీపు మీ వైపు ఉండేలా ఒడికి ఆనించుకుని కూర్చోబెట్టండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి గడ్డం కింద. డాక్టర్ మూతిని పైకప్పు వైపు తిప్పి, కొసని ముక్కు రంధ్రం అంచున ఆనించి మందు వదులుతారు. కొన్ని బ్రాండ్లు ఒకే రంధ్రంలో, కొన్ని రెండింటిలో సగం సగం. మూతిని ఇంకో రెండు మూడు సెకన్లు పైకే ఉంచండి. వదలగానే అది పెద్దగా తుమ్మి, తల విదిలించి, మీ చొక్కా మీద చల్లుతుంది. మందంతా బయటకొచ్చేసిందని కంగారుపడకండి, కాస్త పోయినా కావాల్సింది లోపల తడి పొరకి అంటే ఉంటుంది. సగానికి పైగా బయట పడిందని అనిపిస్తే అక్కడే అడగండి, మళ్లీ వేయాలా వద్దా అన్నది డాక్టర్ తేలుస్తారు. చేతులు సబ్బుతో కడుక్కోండి.

మా కుక్క ఆ తరవాత డాక్టర్ వైపు పూర్తిగా వీపు తిప్పి గోడకేసి చూస్తూ కూర్చుంది. తాయిలం చూపిస్తే వెనక్కి చూడకుండా మూతి మాత్రం పక్కకి చాచి అందుకుంది.

సూది తీశారా అని ఎందుకు చూడమన్నానంటే

ముక్కులో, నోట్లో వేయాల్సిన సజీవ బోర్డెటెల్లా టీకాని పొరపాటున చర్మం కిందకి ఇంజెక్ట్ చేస్తే అది చిన్న పొరపాటు కాదు. గుచ్చినచోట తీవ్రంగా వాచి చీముగడ్డ కావచ్చు. కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా పశువైద్య నివేదికల్లో నమోదయ్యాయి. రద్దీగా ఉన్న క్లినిక్‌లో, పక్కపక్కనే రెండు సిరంజిలు ఉన్నప్పుడు ఇలాంటిది జరగడానికి అవకాశం ఉంది. "ఇది ముక్కుదే కదండీ?" అని ఒక్క మాట అడిగితే ఏ డాక్టరూ నొచ్చుకోరు. జరిగిపోయిందని తెలిస్తే వాపు వచ్చేదాకా చూద్దామని ఆగకూడదు. అప్పటికప్పుడు చెప్పాలి, చికిత్స వెంటనే మొదలవ్వాలి.

ఇందుకే ఈ టీకా కొనుక్కొచ్చి ఇంట్లో సొంతంగా వేయొద్దని చెబుతాను. 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాల్సిన మందు దారిలో ఎండలో ఎంతసేపు ఉందో మనకు తెలియదు. కలిపాక ఎక్కువసేపు నిలవుంచకూడదు. పైగా రియాక్షన్ వస్తే మన చేతిలో ఏమీ ఉండదు.

ఇంటికి తెచ్చాక

మొదటి అరగంట క్లినిక్ దగ్గర్లోనే ఉండండి. ముఖం, కళ్ల చుట్టూ వాపు, ఒంటి మీద దద్దుర్లు, పదే పదే వాంతులు, చిగుళ్లు తెల్లబోవడం, కాళ్లు తడబడి కూలబడటం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే లోపలికి తీసుకెళ్లండి. ఇది అరుదే, కానీ వస్తే నిమిషాలే లెక్క.

ఆ రోజు పరుగులు, స్నానం వద్దు. రెండు మూడు రోజుల్లో తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, ఒకటి రెండు దగ్గులు రావచ్చు. తింటూ, ఆడుతూ ఉంటే వాటంతటవే తగ్గుతాయి. సూది టీకా అయితే గుచ్చినచోట చిన్న గడ్డలా తగలొచ్చు, కాస్త మందకొడిగా ఉండొచ్చు. తిండి మానేసినా, జ్వరంతో ముడుచుకు పడుకున్నా, ముక్కు నుంచి చిక్కటి పసుపుపచ్చ చీమిడి వస్తున్నా, దగ్గు రోజురోజుకీ పెరుగుతున్నా చూపించండి. చూపించేటప్పుడు ఫలానా తేదీన ముక్కు టీకా వేయించామని గుర్తుచేయండి. ముక్కు నుంచి పుల్లతో తీసి చేసే పీసీఆర్ పరీక్షలో టీకాలోని బోర్డెటెల్లా కూడా పాజిటివ్‌గా చూపించగలదు. ఆ సంగతి తెలియకపోతే లేని జబ్బుకి మందులు మొదలవుతాయి.

కార్డులో స్టిక్కర్, బ్యాచ్ నంబర్, తేదీ, సంతకంతో పాటు "ముక్కు", "నోరు" లేదా "సూది" అని కూడా రాయించుకోండి. కార్డు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సూదిదైతే రెండో డోసు తేదీకి క్లినిక్ గుమ్మం దాటకముందే అలారం పెట్టండి. ఏడాది తరవాతి బూస్టర్‌కి కూడా పదకొండో నెలలోనే ఒక అలారం ఉంటే మంచిది. తరచూ బోర్డింగ్‌కి వెళ్లే కుక్క అయితే కొందరు డాక్టర్లు ఏడాది కన్నా ముందే వేయమంటారు.

టీకా వేయించినా దగ్గొస్తే

వస్తుంది ఒక్కోసారి. టీకాలో లేని క్రిమి తగిలి ఉండొచ్చు. కుక్కల ఫ్లూ కూడా ఇలాగే దగ్గు తెస్తుంది. గుర్రాల నుంచి కుక్కలకు వచ్చిన హెచ్3ఎన్8 ఫ్లూని 2004లో అమెరికాలోని రేసు గ్రేహౌండ్లలో గుర్తించారు. ఫ్లూకి టీకా పూర్తిగా వేరు, బోర్డెటెల్లా టీకా దాన్ని ఆపదు.

దగ్గు మొదలవ్వగానే ఇతర కుక్కలకు దూరంగా ఉంచండి. క్లినిక్‌కి వెళ్లినప్పుడు కూడా కారులోనో బయటో ఉంచి ముందు మీరొక్కరే వెళ్లి చెప్పండి, లేకపోతే వెయిటింగ్ హాల్లోని అందరికీ పంచినట్టే. మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి, ఎందుకంటే గొంతు మీద చిన్న ఒత్తిడి కూడా దగ్గు తెప్పిస్తుంది. పొగ, అగరుబత్తి, ఘాటైన స్ప్రేలు దగ్గరకు రానివ్వకండి. మనుషుల దగ్గు సిరప్ మాత్రం పోయకండి. చక్కెర లేని సిరప్‌లలో వాడే జైలిటాల్ కుక్కకి విషం, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కూడా ప్రమాదమే. చురుగ్గా ఉండే పెద్ద కుక్కలో మామూలు దగ్గు వారం నుంచి మూడు వారాల్లో తగ్గుతుంది. ఊపిరికి ఎగపోస్తున్నా, కుక్కపిల్ల అయినా, తిండి మానేసినా ఆ రోజే డాక్టర్ దగ్గర ఉండాలి.

దగ్గు తగ్గాక కూడా కొన్ని వారాలపాటు బాక్టీరియా బయటకు వస్తూనే ఉండొచ్చు. మా కుక్క విషయంలో దగ్గు పూర్తిగా ఆగాక ఇంకో మూడు వారాలు పార్కు మానేశాం. మేం వదిలిన బోర్డింగ్‌కి ఫోన్ చేసి విషయం చెప్పాం కూడా, అక్కడ ఆ వారం ఉన్న మిగతా కుక్కల వాళ్లకి తెలియాలి కదా. అవతలివైపు కాసేపు నిశ్శబ్దం. తరవాత "మీది మూడో ఫోనండీ" అన్నారు.